కజెహారా గొడుగు

ఏ గుమ్మం దాటబోయినా గురవయ్య ముందు ఎడమచేతిని నడుముకు ఆనించి, బొటనవేలితో గాలిని కొద్దిగా ముందుకు నెడతాడు. అక్కడ ఒక కత్తి ఉన్నట్టు, దాన్ని ఒరలోంచి వేలెడు వదులు చేస్తున్నట్టు. కక్కసుకు వెళ్లేటప్పుడూ ఇంతే. ఒమాన్ దేశంలో, నిజ్వా ఊళ్లోని కంపెనీ రూములో ఎనిమిదేళ్లుగా పక్క మంచం మీద పడుకునే డ్రైవరు ముర్తుజాకు అది చూసినప్పుడల్లా ఒళ్లు మండేది.

ఆ అలవాటు గురవయ్య సొంతం కాదు. కజెహారా అనే జపాను నటుడిది. ఎనభై ఎనిమిదిలో జపాను వాళ్లు నిజ్వా కోట దగ్గర పదకొండు రోజులు సినిమా తీశారు. ఓడ పగిలి అరబ్బు తీరానికి కొట్టుకొచ్చిన కత్తివీరుడి కథ. కంపెనీ గురవయ్యను అక్కడికి కూలికి పంపింది. షాటుకూ షాటుకూ మధ్య కజెహారాకు గొడుగు పట్టడం అతని పని. పదకొండు రోజుల్లో ఆ నటుడు అతనితో ఒక్క మాట మాట్లాడలేదు.

అయినా రూములో కజెహారా జీవితం తెలియనివాడు లేడు. రేవులో చేపల బుట్టలు మోసిన చిన్నతనం. పద్దెనిమిదేళ్లు హీరోల చేతిలో చచ్చే వేషాలు. ఒక సినిమాలో ఎంత బాగా చచ్చాడంటే జనం హీరోను మరిచిపోయి శవానికి చప్పట్లు కొట్టారు. నలభయ్యో ఏట హీరో అయ్యాడు. ఆపైన రాజుగారి చేతి మీదుగా పతకం. వంట చేసే అంకయ్య ఉల్లిపాయలు తరుగుతూ "ఆ శవం కత మళ్లీ చెప్పన్నా" అనేవాడు. గురవయ్య చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ ఆ శవం ఇంకాస్త గొప్పగా చచ్చేది.

"ఆయప్ప యా బాసలో చెప్పినాడు సామీ నీకిదంతా?" అని ముర్తుజా ఒకసారి అడిగాడు.

"జపానులో."

"నీకొచ్చునా?"

"రాకుంటే పదకొండు దినాలు పక్కన పెట్టుకుంటాడా?"

ఈ కోతలు మేనేజరు చెవిన కూడా పడ్డాయి. తొంభై ఆరులో నలభై ఐదు దాటినవాళ్లను వీసా అయిపోగానే ఇంటికి పంపాలని కంపెనీ తీర్మానించింది. గురవయ్యకు నలభై ఏడు. వీసా ఇంకో నెలే ఉంది. సరిగ్గా అప్పుడే కొత్త పంపు హౌసు చూడటానికి ఒక జపాను ఇంజనీరు వస్తున్నాడు.

"రోజంతా ఆయన వెంట ఉండు. నీకు భాష వచ్చటగా. ఆయన సంతోషపడితే వీసా కొట్టిస్తా. లేకపోతే ఖల్లాస్," అన్నాడు మేనేజరు.

ఇంజనీరును కారులో తెచ్చింది ముర్తుజానే. ఈ రోజుతో ఆ లేని కత్తి విరుగుతుందని దారి పొడవునా సంబరపడ్డాడు.

కారు ఆగింది. గురవయ్య నోరు తెరవలేదు. గొడుగు తెరిచాడు.

జూన్ ఎండ. అతను ఇంజనీరుకు అరడుగు వెనక నడిచాడు. ఆయన కాగితాల మీద తన నీడ పడనివ్వలేదు. ఆయన వంగితే గొడుగు వంగింది. పొద్దు జరిగితే గొడుగు జరిగింది. నాలుగు గంటలు అలాగే. ఇంజనీరు ఒక్కసారి కూడా నుదురు తుడుచుకోలేదు. వెళ్లేముందు మేనేజరు భుజం తట్టి, ఇలాంటి మనిషిని వదులుకోకండని ఇంగ్లీషులో చెప్పాడు.

వీసా ఇంకో రెండేళ్లు. ఒక్క జపాను ముక్క పలకకుండా. ముర్తుజా నోట్లో ఇసుక పోసినట్టయింది.

తిరుగు ప్రయాణంలో అతను వచ్చీరాని ఇంగ్లీషులో ఇంజనీరును కజెహారా గురించి అడిగాడు. ఇంజనీరు ముఖం వెలిగింది. తెలిసినదంతా చెప్పాడు. ముర్తుజా ఒక్క మాట పోనివ్వకుండా మోసుకొచ్చి, సాయంత్రం అందరూ తింటుండగా కుమ్మరించాడు.

"ఇన్యారా! మన కజెహారా యా రేవులోనూ బుట్టలు మోయలేదంట. వాళ్ల నాయన పెద్ద డాక్టరంట. కాలేజీకి కారులో పోయినాడంట. మొదటి సినిమాకే హీరో అంట. సచ్చే యేసం ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, ఎయ్యలేదంట!"

అంకయ్య చేతిలో గరిటె ఆగిపోయింది. అందరూ గురవయ్య వైపు చూశారు. అతను నోట్లో ముద్ద నెమ్మదిగా నమిలి మింగాడు.

"ఆ ఇంజనీరు ఆయప్పకు ఎన్ని దినాలు గొడుగు పట్టినాడంట?"

ఎవరో కిసుక్కుమన్నారు. నవ్వింది తనను చూసేనని ముర్తుజాకు అర్థమైంది. సిగ్గన్నది లేని మనిషిని సిగ్గుపరచడానికి ఒక రోజంతా పాడు చేసుకున్నాడు.

మర్నాడు ఉదయం గురవయ్య వంటగది గుమ్మం దగ్గర ఆగి, ఎడమచేతి బొటనవేలితో గాలిని నెట్టి, లోపలికి వెళ్లి అంకయ్య పక్కన పీట మీద కూర్చున్నాడు. ఒక ఉల్లిపాయ తీసుకుని పొట్టు వలుస్తూ మొదలుపెట్టాడు.

"కజెహారా వాళ్ల నాయన పెద్ద డాక్టరు అంకయ్యా. కారుండేది వాళ్లకు. సినిమాల్లో చేరతానంటే కొడుకును ఇంట్లోంచి తరిమేసినాడు. అప్పుడు పోయినాడు రేవుకు, చేపల బుట్టలు మోసేదానికి."