ఆదెమ్మ కానుగ నూనె

సత్తెనపల్లికి దక్షిణాన ఉన్న ఆ ఊళ్లో, భర్త పోయాక ఆదెమ్మకు మిగిలినవి ఒక గేదె, ఒక శత్రువు. శత్రువు సొంత మరిది శ్యామ్ సుందర్. ఇద్దరి కొట్టాల మధ్య అడ్డం పత్తికంప దడి ఒక్కటే.

మూడేళ్ల కిందట జోరీగలు పోతాయని అతను పత్తికి కొట్టగా మిగిలిన పురుగుమందును ఆమె పడ్డ మీద, ఇంకా ఈనని పడుచు గేదె మీద, చల్లాడు. పడ్డ ఒళ్లు నాక్కుంది. సాయంత్రానికి నురగలు కక్కి చచ్చిపోయింది. సాయం చేయబోయానన్నాడతను. చంపావందామె. సమాధానపడమని పాస్టరుగారు చెబితే ప్రార్థన మధ్యలోనే లేచి వెళ్లిపోయింది.

అప్పటి నుంచి ఆమె వాడేది కానుగ నూనె. అందులో కొంచెం వేపనూనె, నీళ్లలో కలవడానికి సబ్బు. ఈ నూనె ఈగలను చంపదు. వాసన ఉన్నంతసేపు వాలనివ్వదు. అందుచేత కాళ్లకూ పొట్టకూ మళ్లీ మళ్లీ పూయాలి.

“ఏం వదినా, గేదెకి తిరగమోత పెడుతున్నావా?” అనేవాడు దడి అవతలి నుంచి.

“నీ నోటికి పెడతా, ఇటు రా!”

ఈ వానాకాలం ఈగలు పొదుగును కూడా కుట్టి రక్తం తీశాయి. ఆదెమ్మ చనుకట్లకు సైతం నూనె దట్టంగా రాసింది. ఆ సాయంత్రం దూడ మూతి పెట్టి, తల విదిల్చి వెనక్కి వచ్చేసింది. దూడ కుడవనిదే ఆ గేదె చేపదు, పాలు బిగబట్టుకుంటుంది. చెంబులో చుక్క పడలేదు. మర్నాడు ఉదయమూ పడలేదు. పొదుగు రాయిలా అయింది. వాపు చేస్తే ఈ ఈతకు పాలు పోయినట్లే. మిరపకోతలు మొదలయ్యేదాకా ఆమెకు వేరే రాబడి లేదు.

“ఒరేయ్ శ్యామ్! నా గేదెకేం పెట్టావురా? ఒకదాన్ని మింగావు, చాల్లేదా?”

అతను దడి దాటి వచ్చాడు. “నేనా? నీ గొడ్డు మొహం చూసి ఎన్నాళ్లయింది!” చనుకట్టును వేలితో రుద్ది, నాలుక మీద పెట్టుకుని ఉమ్మేశాడు. “థూ! నీ నూనే. ఏ దూడ తాగుద్ది దీన్ని? నువ్వే మాడ్చావు.”

“నా నూనె చేదు. నీ మందు చావు. రెండూ ఒకటి చెయ్యమాక!”

ఆమె శనగపిండితో, గోరువెచ్చని నీళ్లతో పొదుగు కడిగింది. ఈసారి దూడ కుడిచింది. అయినా గేదె చేపలేదు. చెవులు నిక్కబొడుచుకుని బెదురుగా చూస్తోంది. బెదిరిన పశువుకు పాలు దిగవు. అది ఇద్దరికీ తెలుసు. కేకలు ఆగిపోయాయి.

వెళ్తే తప్పు ఒప్పుకున్నట్లవుతుందని అతను కదల్లేదు. పొమ్మనాలంటే ఆమె నోరు తెరవాలి. తెరవలేదు. చూపులతోనే తిట్టుకుంటూ నిలబడ్డారు.

కాసేపటికి గేదె చెవులు వాల్చి నెమరు మొదలుపెట్టింది. చనుకట్లు నిండాయి. ఆదెమ్మ దూడను లాగి కట్టి, పొదుగు మెత్తబడేదాకా పితికింది. పాలు లోపల పెట్టి వచ్చి, గేదెకు వినబడనంత దూరంగా, రోడ్డు మీదికి రమ్మని అతనికి చేత్తో సైగ చేసింది.

“ఇప్పుడు అనరా,” అంది, “ఇందాక ఏమన్నావో మళ్లీ అను!”