నాయన చెవి బిరడా

మా అమ్మ చివరి ఇరవై రోజుల్లో మాట్లాడిన మాటలు మా నాయనకు వినపడలేదు. వినిపించే మిషను ఇంట్లోనే, మగ్గం గది గూట్లోనే ఉంది. అది చెడిపోలేదు. చెడిపోయిందని తీర్పు చెప్పింది నేను.

మాది ధర్మవరం. ఇంట్లో రెండు గుంట మగ్గాలు. ఒకదాంట్లో నాయన, ఒకదాంట్లో నేను. నాయనకు చెవులు మందగించడం ఎప్పుడు మొదలైందో చెప్పలేను. మా వీధిలో అందరూ గట్టిగానే మాట్లాడతారు. మగ్గం చప్పుడును దాటించి దాటించి మా గొంతులే అట్లా తయారయ్యాయి. అందుకని, నాయనకు వినపడడం లేదని మాకు తెలిసేసరికి ఆయన అరవైకి దగ్గర పడ్డాడు. తెలిసింది కూడా అమ్మ వల్లనే. అమ్మది మొదటినుంచీ సన్నటి గొంతు. ఆమె మాటలకు నాయన జవాబివ్వడం మానేశాడని, అది కోపం కాదని, ఆమే కనిపెట్టింది.

నేను బడికి పోయింది రెండేళ్లు. మిగిలిన చదువంతా చీరలు చుట్టి వచ్చే పాత పేపర్ల మీద నాకు నేనే నేర్చుకున్నాను. రైలు స్టేషను బోర్డులు, అగ్గిపెట్టెల మీది రాతలు చూసి ఇంగ్లీషు అక్షరాలు కూడా పట్టుకున్నాను. వీధిలో ఎవరికి ఉత్తరం వచ్చినా నా దగ్గరికే తెచ్చేవాళ్లు. ఇంట్లో నన్ను ‘చదువుకున్నోడు’ అనేవాళ్లు. ఆ పేరంటే నాకు ఎంత మోజో ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది.

నాయనకు అరవై ఏళ్లు దాటిన తర్వాత, హిందూపురంలో ఒక రేడియో అంగడిలో చెవుడుకు మిషను తెప్పిస్తారని విని ఆయనను తీసుకుపోయాను. మద్రాసులో ఒక కంపెనీ చేసే మిషను అది. నెలకొకసారి బెంగుళూరునుంచి ఒకాయన వచ్చి ఆ అంగడిలో కూర్చుని చెవులకు కొలత తీసేవాడు. సున్నంలాంటి తెల్లటి ముద్దను నాయన చెవిలో నింపి, ఆరేదాకా కదలొద్దన్నాడు.

“విగ్రహానికి పోత పోస్తాండారేమో రా. ఒక్క చెవితోనే ఆపుతారా, తలకాయంతా చేస్తారా అడుగు” అన్నాడు నాయన, వీధిలో పోయేవాళ్లు కూడా తిరిగి చూసేంత గట్టిగా.

నెల రోజులకు మిషను వచ్చింది. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద డబ్బా, జేబులో పెట్టుకునేది. దానినుంచి ఒక తీగ, తీగ చివర గుండీ అంత బిళ్ల, ఆ బిళ్లకు తగిలించే గాజులాంటి ముక్క. ఆ ముక్కే నాయన చెవి అచ్చున పోసింది. చెవిలో సరిగ్గా కూర్చుంటుంది. దాని మధ్యలో జొన్నగింజ పట్టే బెజ్జం. మాట లోపలికి పోయే దారి అదే. మేము దాన్ని బిరడా అనేవాళ్లం.

అంగడి ఆయన డబ్బాతోపాటు ఒక చిన్న పుస్తకం ఇచ్చాడు. అంతా ఇంగ్లీషు.

“ఎట్ల చూసుకోవల్లో అంతా ఇందులో ఉండాది. ఇంగ్లీషు వస్తాదా అప్పా, నన్ను చదివి చెప్పమంటావా?” అన్నాడు.

నాయన నా ముఖం చూశాడు. “వస్తాది” అన్నాను.

ఆ ఒక్క మాట దగ్గరే అంతా చెడింది. అయినా ఆ ఇంగ్లీషు పుస్తకం తలుచుకుంటే ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు ఒంటికి కారం రాసినట్టే ఉంటుంది. మన ఊళ్లలో, మన చెవుల్లో పెట్టడానికి అమ్మే వస్తువుకు మన అక్షరాల్లో ఒక కాగితం ముక్క వెయ్యడానికి వాళ్లకేమైంది? నేతగాడు చీర కట్టుకోవడమెట్లాగో అరవంలో రాసి తెలుగింటి పెళ్లికూతురికి ఇస్తాడా?

ఇంటికి వచ్చాక పుస్తకం ముందు పెట్టుకుని అందరికీ ‘చదివి’ చెప్పాను. బొమ్మలు చూశాను. ఒక బొమ్మలో డబ్బా మీద నీళ్లు పడుతున్నట్టు వేసి దాని మీద అడ్డంగా గీత కొట్టి ఉంది. అంతే, కట్టడి పెట్టాను. మిషనుకు నీళ్లు తగలకూడదు. తగిలితే చస్తుంది. డబ్బాకు కానీ, తీగకు కానీ, బిరడాకు కానీ. బిరడాను పొడిగుడ్డతోనే తుడవాలి. స్నానానికి పోతే తీసేయాలి. అమ్మ నాయన చెవిలో నూనె పోస్తే ఆ పూటంతా పెట్టుకోకూడదు. పడుకునే ముందు డబ్బాలోని బ్యాటరీ సెల్లు బయటికి తీసి పెట్టాలి. ఇవన్నీ నేనే చెప్పాను. చాలావరకు మంచివే. తప్పు ఒక్కటే, దాని సంగతి మూడో పుటలో ఉంది.

మిషను పెట్టుకున్న మొదటి రోజు నాయన మగ్గంలో కూర్చుని, పోగును అటూ ఇటూ నడిపే నాడె వేశాడు. రెండో పోగుకే చెవిలోంచి పెరికేశాడు. “తలకాయలో మగ్గం ఎక్కించినట్టుండాది రా!” అన్నాడు. అప్పటినుంచి మగ్గం మీద ఉన్నంతసేపు తీసి గూట్లో పెట్టేవాడు. పని ముగించి, కాళ్లు కడుక్కుని, వాకిట్లో కూర్చుని బిరడా చెవిలోకి తిప్పి పెట్టుకునేవాడు. సరిగ్గా కూర్చోకపోతే ‘కీ’ మని కూసేది. పక్కింటాయన ఊరుకునేవాడు కాదు.

“ఏమప్పా, జేబులో రేడియో పెట్టినావంట. పాటలొస్తాయా?”

“పాటలు రావబ్బా. మీ ఇంటామె నిన్ను తిట్టేదొస్తాది. శానా బాగుంటాది, ఇంటావా?”

ఆ సాయంత్రం వేళల్లోనే అమ్మానాయనా మళ్లీ మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. అమ్మ చాటలో బియ్యం ఏరుతూ తనలో తను ఏదో అంటూ ఉండేది.

“ఏమే, నువ్వు ఇంత గొణుగుతావా?” అన్నాడు నాయన ఒకరోజు.

“ముప్పై ఏండ్లనుంచి గొణుగుతాండా. ఇప్పుడినపడిందా?”

“ఇనపడింది. ఇంగ దాచుకో.”

“ఇంగేం దాచేది, అంతా పాతదే” అని అమ్మ నవ్వింది. మిషను కోసం పట్టుచీర అంచు మిగులుతో ఒక చిన్న సంచి కుట్టి నాయన మెడలో వేసింది. ఒక ఏడాది అట్లా గడిచింది. మా ఇంట్లో అది మంచి ఏడాది.

తర్వాతి దసరా వచ్చింది. ఆయుధపూజనాడు మా ఇళ్లలో మగ్గం ముట్టరు. ముందురోజే దుమ్ము దులిపి, నాడె, అచ్చు, కత్తెర, పని చేసే ప్రతి వస్తువూ కడిగి, పసుపు కుంకుమ పెడతారు. అమ్మ పళ్లెంలో నాడెల పక్కన చెవి మిషను కూడా పెట్టింది.

“అది ఎందుకే?” అన్నాడు నాయన.

“అదీ పని చేస్తాది గదా. నీకంటే బాగా చేస్తాది.” తడిపిన పసుపు వేలిమీద తీసుకుని డబ్బాకు ఒక చుక్క పెట్టింది. బిరడాను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, నన్ను అడిగింది. “మాట వచ్చేది యాడినుంచి రా?”

“ఆ బెజ్జం లోనుంచి.”

“అయితే బొట్టు ఆడనే పెట్టాల” అని ఆ బెజ్జం మీదే పసుపు ఒత్తి, దాని మీద కుంకుమ పెట్టింది. ఆ తలపు నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. నీళ్ల కట్టడి కూడా మరిచి మెచ్చుకున్నాను. మరునాడు నా కట్టడి ప్రకారమే పొడిగుడ్డతో పైపైన తుడిచి నాయనకు ఇచ్చాను.

మిషను పలకలేదు. సెల్లు మార్చాను. పలకలేదు. తీగ ఊపాను, డబ్బా తట్టాను, ఎండలో పెట్టాను. నాకు ఒళ్లు మండిపోయింది. ఏడాదికే మూగబోయే సరుకు అంటగట్టాడు అనుకుని, ఆ వారమే డబ్బానూ తీగనూ గుడ్డలో కట్టుకుని రైలెక్కాను. బిరడా గూట్లోనే వదిలేశాను. నా దృష్టిలో మిషనంటే డబ్బా. బిరడా ఉత్త మూత.

హిందూపురంలో అంగడి ఆయన డబ్బా విప్పి చూసి, తన దగ్గరున్న ఇంకేదో బిరడా తగిలించి నా చెవి దగ్గర పెట్టాడు. వీధిలో జట్కా గుర్రం గిట్టల చప్పుడు కూడా వినిపించింది.

“పలుకుతాండాది కదప్పా! మీ బిరడా తెచ్చినావా?”

“బిరడా ఏం చేస్తాది? నీ బిరడా పెట్టి నాకు మాయ చూపిస్తాండావు. మా ఇంట్లో పలకల్యా.”

“కోపం చేసుకోవద్దు. బిరడా తే, చూస్తా. శానాసార్లు రోగం దాంట్లోనే ఉంటాది.”

“ఇంగొక దినం పని చెడగొట్టుకొని రావల్నా? చేతకాకుంటే చేతకాదని చెప్పు.”

“నేను చెప్పేది ఇనప్పా...”

నేను వినలేదు. అంగడిలో ఉన్న నలుగురి ముందూ ఆయన్ను దొంగ అన్నాను. ఆయన డబ్బాను నేను తెచ్చిన గుడ్డలోనే మళ్లీ కట్టి చేతికిచ్చాడు.

తిరుగు రైల్లో పెనుకొండలో దిగాను. అక్కడ కోర్టు దగ్గర అర్జీలు రాసే గుమాస్తా ఒకాయన ఉండేవాడు. ఇంగ్లీషు బాగా తెలిసినవాడు. పుస్తకం నా జేబులోనే ఉంది. తీసి ‘ఇది కాస్త చదివి చెప్పు సామీ’ అంటే పది నిమిషాల పని. కానీ అక్కడ మా ఊరివాళ్లు ఇద్దరు వాయిదాకు వచ్చి కూర్చుని ఉన్నారు. వాళ్ల ముందు ఆ పుస్తకం బయటికి తీయలేకపోయాను. ఇంటికి వచ్చి, వెనక అట్ట మీదున్న మద్రాసు అడ్రసు మాత్రం అక్షరాలు చూసి దించుకుని, ఫిర్యాదు నేనే తెలుగులో నాలుగు పుటలు రాసి పోస్టు చేశాను.

కార్తీకంలో మద్రాసునుంచి ఒక కార్డు వచ్చింది. మిషనును దాని భాగాలన్నింటితో పంపితే చూస్తామని. పంపితే మింగేస్తారని నాకు అనుమానం. పంపనని, ముందు కొత్తది ఇవ్వమని మళ్లీ రాశాను. నా రాత మీద నాకే ముచ్చట వేసింది. వీధిలో చదివి వినిపించాను కూడా.

అదే రోజుల్లో అమ్మకు ఆయాసం పట్టుకుంది. పుష్యమాసానికి మంచం దిగలేకపోయింది. గొంతు మరీ సన్నబడింది. పక్కన కూర్చున్న నాకే వంగితే కానీ వినపడేది కాదు. నాయన మగ్గం ఎక్కడం మానేసి పగలంతా మంచం పక్కనే ఉండేవాడు. అమ్మ పెదవులు కదిలితే చెవి ఆమె నోటికి ఆనించేవాడు. తర్వాత నా వైపు తిరిగేవాడు.

“ఏమంటాండాది రా?”

నేను అమ్మ మాట విని ఆయన చెవిలో అరిచేవాణ్ణి. నీళ్లు అడుగుతోందని, కిటికీ తెరవమంటోందని. అట్లాంటివి చెప్పగలిగాను. ఒక మధ్యాహ్నం ఆమె చాలాసేపు నాయన ముఖం చూసి ఏదో మొదలుపెట్టింది. నేను వంగాను. ఆమె ఆపేసింది.

“నీతో చెప్పేది కాదు లేప్పా. ఆయనకు చెప్పాల” అంది నాతో. “ఆ మిషను బాగయ్యేది యాడికొచ్చింది?”

“వస్తాదిమా. రాసినాను” అన్నాను.

“ఏమంటాండాది?” అన్నాడు నాయన.

“ఏం లేదు నాయనా. నిన్ను అన్నం తినమంటాండాది.”

ఆయన నమ్మాడు. లేచి పోయి తిన్నాడు. ఆ తర్వాత మూడు రోజులే ఆమె బతికింది.

కర్మలన్నీ అయ్యాక ఒక రోజు నాయన గూట్లోంచి బిరడా తీసుకొచ్చి నా ముందు పెట్టాడు. “అంతా పంపు రా. వస్తే వస్తాది, పోతే పోతాది. ఇంగ ఎవురిది ఇనాల నేను” అన్నాడు. పట్టుసంచితో సహా కట్టి రిజిస్టరు పోస్టులో పంపాను. ఉగాది ముందు పార్సిలు తిరిగి వచ్చింది. లోపల మిషను, బిరడా, సంచి, ఒక ఉత్తరం. నాయన బిరడా చెవిలో పెట్టుకున్నాడు. ‘కీ’ మంది. ఆయన ఉలిక్కిపడి నన్ను చూశాడు. “ఏమి రాసినారు, చదువు” అన్నాడు.

రిపేరు చేశామని రాశారని చెప్పాను. నాయన పోయేదాకా అదే చెప్పాను. హిందూపురం అంగడి ఆయన ముందు తప్పొప్పుకుందామని ఒకసారి గడపదాకా పోయి తిరిగొచ్చాను. ఆ ఉత్తరం ఇప్పటికీ నా దగ్గరుంది. పూర్తిగా ఎవరికీ చదివి వినిపించలేదు, ఇక్కడ రాస్తున్నాను:

“అయ్యా, తాము పంపిన యంత్రము అందినది. పరీక్షించగా యంత్రములో ఏ లోపమును లేదు. చెవిలో ఉంచుకొను ముక్క రంధ్రమున పసుపు గట్టిపడి శబ్దమునకు దారి లేకపోయినది. యంత్రమునుండి ఆ ముక్కను విడదీసి, గోరువెచ్చని నీట కడిగి, ఆరబెట్టి పంపుచున్నాము. ఇట్లు వారమునకొకసారి తామే ఇంటివద్ద చేసుకొనవచ్చును. ఈ సంగతి పుస్తకము మూడవ పుటలో కలదు. ఇంగ్లీషు చదువుట కష్టమైనచో ఒక కార్డు వ్రాసిన చాలును, తెలుగులో వ్రాసి పంపగలము.”