మిన్నా కుట్లు, సిస్టర్ సూది

మా షార్లొటెన్‌బుర్గ్ పట్నం పక్క పైన్ అడవిలో బలహీనమైన పిల్లలకు బడి పెట్టినప్పుడు మా వాడంతా నవ్వింది. గోడల్లేని బడేమిటి, దగ్గే పిల్లల్ని గాలిలో కూర్చోబెట్టడమేమిటి! కిటికీ సందుల్లో దిండ్లు కుక్కుకుని బతికేవాళ్లం మేము. ఆ బడిలోనే అడెల్‌హైడ్ బ్రోష్ నర్సుగా చేరింది; అందరూ సిస్టర్ అనేవారు. పడవవాడి కూతురు. చిన్నతనమంతా బొగ్గుపడవ మీద ఆరుబయటే పడుకుంది కాబట్టి గాలంటే ఆమెకు బెదురు లేదు.

మా పైవాటాలో బట్టలుతికే మిన్నా కూలికె ఉండేది. కొడుకు దగ్గుతో పోయాడు. మిగిలింది కూతురు ట్రూడె ఒక్కతే, దాన్నీ ఆ బడిలోనే చేర్చుకున్నారు. చలిగాలి తగలకుండా ఆ పిల్ల ఒంటికి బాతుకొవ్వు పట్టించి, మందపాటి ఫ్లానెల్ చొక్కా తొడిగి, విప్పడానికి వీల్లేకుండా కుట్టేసేది. మాలో చాలామంది తల్లులు చలికాలమంతా అలాగే చేసేవారు. మిన్నా మాత్రం ఎండాకాలం వచ్చినా విప్పలేదు.

ఆ చొక్కా తీయకపోతే ట్రూడెను బడిలో ఉంచుకునేది లేదన్నాడు బడి డాక్టరు. ఆ మాట చెప్పడానికి సిస్టర్ తన సెలవురోజున మా వాకిట్లోకి వచ్చింది. నాకు పిలుపెందుకు? వెళ్లి నిలబడ్డాను.

"నా కొడుకును గాలే పొట్టన పెట్టుకుంది సిస్టర్. దీన్ని కూడా ఇచ్చెయ్యమంటారా?" అంది మిన్నా.

"ఇవ్వొద్దమ్మా. కత్తెర మీరే పట్టుకోండి. ఇవాళ ఒక్క చెయ్యి విప్పండి. దగ్గితే మళ్లీ కుట్టేస్తాను." సిస్టర్ దారం ఎక్కించిన సూదిని ఏప్రనుకు గుచ్చుకుంది.

"విప్పవే మిన్నా, ఆ కొవ్వు వాసనకి అడవిలో నక్కలు వెంటపడతాయి!" అన్నాను.

"ముందు నీ నోటికి నాలుగు కుట్లు వెయ్యాలి హుల్దా!" అంటూనే కత్తెర అందుకుంది.

అలా ఆదివారం ఆదివారం ఒక చెయ్యి, రెండో చెయ్యి, మెడ విప్పారు. అంతలో ట్రూడె దగ్గింది.

"కుట్టెయ్యండి," అంది మిన్నా.

సిస్టర్ ఏప్రను మీది సూది తీసి మెడ కుట్టేసింది. నాకు ఒళ్లు మండింది.

"అంత మెత్తబడితే ఎలాగమ్మా?" అని గేటు దగ్గర నిలదీశాను.

"మాటిచ్చాను కదండీ. ఇప్పుడు తప్పితే పిల్లని పంపదు. డాక్టరుగారి తిట్లు నేను పడతాను."

ఆ మాట నేను మిన్నా చెవిన వేయకుండా ఉంటానా? మర్నాడు ఉతుకు మానేసి, నన్ను వెంటబెట్టుకుని బడికి ట్రామెక్కింది.

పైన్ చెట్ల కింద వాలుకుర్చీలో ట్రూడె చేతులు ఎండకు చాపి నిద్రపోతోంది. పక్కన గంజి గిన్నె ఖాళీగా ఉంది. మిన్నా చాలాసేపు దగ్గు లేని ఆ ఊపిరి వింటూ నిలబడింది. పిల్ల లేచాక సిస్టర్‌ని కత్తెర అడిగి, చొక్కాను మెడ నుంచి అంచుదాకా తనే కోసేసింది.

ఆ ఫ్లానెల్‌తో మిన్నా ఇప్పుడు మెట్లు తుడుస్తోంది. సిస్టర్ మాత్రం దారం ఎక్కించిన సూదిని ఏప్రనుకు గుచ్చుకునే ఉంటుంది, భయపడే తల్లి ఇంకెవరైనా వస్తారేమోనని.