గోడకు జ్వరం చూసిన చెయ్యి

మా పెదనాన్న పోయారన్న కబురు నాకు బడిలో ఉండగా అందింది. ఆయన కట్టించిన బడిలోనే. హన్మకొండలో నేను పాఠాలు చెప్పే ఈ ఆడపిల్లల బడికి నిజాం కాలంలో నక్షా గీసిందీ, దగ్గరుండి గోడలు లేపించిందీ ఆయనే.

అప్పట్లో సర్కారు కట్టడాల ఇంజనీరుగా ఆయన తిరగని ఊరు లేదు. నర్సంపేట వైపు దవాఖాన, వర్ధన్నపేట దారిలో కచ్చేరి, ఏది చూసినా ముందు పెద్ద వరండా కనిపిస్తుంది. కాగితం మీద ఆయన గీసే మొదటి గీత వరండాదే. ఒక అధికారి తన గది చిన్నదైందని కోప్పడితే, "మీ కుర్చీ ఏడ ఏసినా పడ్తది సాబ్. అర్జీ పట్టుకొని వచ్చినోడు ఎండల నిలబడొద్దు" అన్నారట. దాంతో ఎక్కడికో బదిలీ అయింది. అక్కడా వరండాలే కట్టారు. మొండిఘటం.

డెబ్బైల్లో మా బడికి గండం వచ్చింది. గోడలు చెమ్మెక్కి పెచ్చులూడుతుంటే, కూలగొట్టాల్సిందే అన్నారు పైవాళ్లు. కొత్తది లేచేదాకా పిల్లలు ఊరవతల బడికి పోవాలట. అంత దూరం ఆడపిల్లల్ని ఎవరు పంపుతారు? చాలామంది చదువు అక్కడితో ఆగిపోతుందని గుబులు పట్టుకుని, పోయి పెదనాన్న ముందు ఏడ్చాను. అప్పటికే ఆయనకు చేతికర్ర లేనిదే అడుగు పడదు.

అయినా వచ్చారు. బిడ్డకు జ్వరం చూసినట్టు చెయ్యి తిరగేసి గోడకు ఆనించారు. పెచ్చు ఊడదీసి చూసి మండిపడ్డారు. డంగుసున్నం గోడల మీద ఎవరో మరమ్మతు పేరుతో సిమెంటు పూయించారు.

"సున్నం గోడ తాగిన తడి తనే బయటికి ఇడుస్తది బిడ్డా. దీని మూతికి గుడ్డ కట్టిండ్రు. ఊపిరాడక చస్తాంది."

పైవాళ్లతో ఒకటే మాటన్నారు. "ఒక్క గదికి సిమెంటు గీకిచ్చి సున్నం పూయిస్త. ఈ వానకాలం పోనియ్యుండ్రి. గోడ ఆరకుంటే మొదటి గడ్డపార నేనే ఏస్త." ముసలాయన ముచ్చట కాదనడమెందుకని వాళ్లు ఒప్పుకున్నారు.

ఆ వానకాలమంతా గొడుగేసుకుని వచ్చి ఆ గదిలోనే కూర్చున్నారు. నేను లెక్కలు చెబుతుంటే ఆయన గోడ తడిమేవారు. పిల్లలు కిసుక్కున నవ్వేవాళ్లు, ఆ తర్వాత వాళ్లూ తడమడం నేర్చారు. ఆయనకు దగ్గు పట్టుకుంటే పెద్దమ్మ ఊరుకోలేదు. "నా చెయ్యి పట్టి చూసినవా ఎన్నడన్న? పాణమంత ఆ గోడల మీదనే!"

"నువ్వు గట్టి సున్నానివి, నీకేమైతది?" అన్నారాయన.

ముసురు పట్టినప్పుడు గోడ ఇంకా నల్లబడింది. నాకు ఆశ పోయింది. "తాగనియ్యి. ఫికర్ చెయ్యకు" అన్నారు. బతుకమ్మ రోజులకు గోడ తెల్లగా ఆరింది. మిగతా గదులకూ సిమెంటు గీకించారు. బడి నిలిచింది.

మొన్న కబురు అందినప్పుడు కూడా వానలు వెనకపట్టిన రోజులే. పిల్లలకు ఆ మాట చెప్పకుండా, పెదనాన్న దగ్గరికి పోవాలని మాత్రం చెప్పి పుస్తకం మూశాను. ముందు వరసలోంచి ఒక పిల్ల లేచింది. ఆయన్ను ఎన్నడూ చూడలేదు ఆ పిల్ల. అక్కల దగ్గర నేర్చిన అలవాటుతో చెయ్యి తిరగేసి గోడకు ఆనించింది.

"పొడిగనే ఉన్నది టీచర్. మీ పెద్దబాపుకు చెప్పుండ్రి."

ఇంటికి పోయి ఆయన పక్కన కూర్చున్నాను. చెయ్యి చల్లగా ఉంది. దాన్ని నా రెండు చేతుల్లోకి తీసుకుని, ఆ పిల్ల చెప్పమన్నది చెప్పాను.