తోట లేని నాలుగు చెట్లు

కాలేజీ డిబేట్లలో నేను ఓడిపోయిన సందర్భాలు తక్కువ. ఆ ధీమాతోనే, చదువు ముగిసిన ఏడాది, అమలాపురంలో ఒక కొబ్బరి రైతుల సంఘానికి వెబ్‌సైటు తయారు చేయడానికి ఒప్పుకున్నాను. తోటలకు నల్లి తెగులు పట్టిన కాలమది. ఏయే చెట్ల వేళ్ళకు మందు సంచులు కట్టాలో ఆ వెబ్‌సైటు జాబితా ఇవ్వాలి. జాబితాలో లేని చెట్టుకు మందు లేదు.

డేటాబేసును గిన్నెలో గిన్నె అమర్చినట్టు కట్టాను: గ్రామం కింద రైతు, రైతు కింద తోట, తోట కింద చెట్టు. చెట్టుకు ఒకే తోట, తోటకు ఒకే రైతు. ఎవరు ప్రశ్నించినా సమర్థించుకోగలననుకున్నాను.

ప్రశ్నించింది ఉప్పలగుప్తం నుంచి సంఘం ఆఫీసుకు వచ్చిన ఒక మామ్మగారు.

"నా నాలుగు చెట్లూ ఇందులో లేవేంటమ్మా?"

"మీ తోట ఎక్కడండీ మామ్మగారూ?"

"తోట మా తమ్ముడిది. గట్టు మీద నాలుగు చెట్లు నావి. పసుపు కుంకుమ కింద మా నాన్నగారు ఇచ్చేరు."

"తోట లేనిదే చెట్టు ఉండదండీ. అది మూలసూత్రం."

"నలభై ఏళ్ళుగా కాయలు దింపించుకుంటున్నానమ్మా. చెట్లకి నీ సూత్రం ఎవరూ చెప్పలేదు కాబోలు."

పక్క బల్ల దగ్గరి సంఘం గుమస్తాగారు నవ్వాపుకోలేక కిటికీ వైపు తిరిగారు. నేను తప్పు ఒప్పుకోలేదు. ఆమె పేర ఒక ఉత్తుత్తి తోటను సృష్టించి, నాలుగు చెట్లనూ దాని కింద చేర్చాను.

మర్నాడు మందు కట్టేవాళ్ళు ఆ తోట కోసం ఊరంతా గాలించి, చివరకు ఆమె తమ్ముణ్ణే దారి అడిగారు. ఆయన అక్కగారిని మోపెడ్ వెనక కూర్చోబెట్టుకుని నేరుగా ఆఫీసుకు వచ్చారు.

"మా అక్క తోట కొందంటండీ! నాకు మాటైనా చెప్పకుండా! అడిగితే లేదంటుంది. కంప్యూటరు అబద్ధం చెబుతుందేంటండీ?"

"ఆఁ, కొన్నాన్రా. ఈ అమ్మాయే ఇచ్చింది. ఎక్కడుందో చెబితే వెళ్ళి చూసుకుంటాను."

సాయంత్రానికి మందు వేరే ఊరు వెళ్ళిపోతుంది. ఇక వాదానికి వ్యవధి లేదు. చెట్టు ఉన్న చోటు వేరు, చెట్టు యజమాని వేరు. తోటతో ఒక సంబంధం, రైతుతో నేరుగా మరొకటి ఉండాలి. తోటను తొలగిస్తే కింది చెట్లూ పోయేలా నేనే రాసి ఉన్నాను కనుక, ముందు చెట్లను తమ్ముడిగారి తోటకు మార్చి, యజమానిగా అక్కగారిని చూపి, ఆ తరువాతే ఉత్తుత్తి తోటను చెరిపేశాను.

కొత్త జాబితాతో నేనూ గట్టు మీదికి వెళ్ళాను. నాలుగు చెట్లకూ సంచులు కట్టడం పూర్తయింది.

"అయిదోది కూడా ఉందండీ," అన్నాడు మందు కట్టే ఆయన.

అక్కగారి చెట్టు నుంచి రాలిన కాయ మొలిచి, తమ్ముడిగారి గట్టు మీద కాపుకొచ్చిన చెట్టు అది.

"కాయ నాది," అన్నారామె.

"గట్టు నాదండీ," అన్నారాయన, నా వైపు తిరిగి.

ఏ పక్షాన నిలబడమన్నా పది నిమిషాలు అనర్గళంగా మాట్లాడగలను. కానీ పొద్దు వాలుతోంది.

"యజమాని పేరెవరిది రాయమంటారండీ?" అన్నాడు మందు కట్టే ఆయన, జాబితా చూపిస్తూ.

"ఆ గడి ఖాళీగా వదిలేయండి. మందు మాత్రం కట్టండి," అన్నాను.

ఆయన గునపం అందుకున్నాడు.

"లేత వేరు చూసి కట్టవయ్యా!" అంటూ అక్కాతమ్ముళ్ళిద్దరూ చెట్టు మొదట్లో చతికిలబడ్డారు.