నేపాల్ బస్సు వంటావిడ, మా వదిన

మా వదిన పోయింది. నర్సీపట్నంలో మా కుటుంబాన్ని ఎరిగినవాళ్ళకి కబురు ఈపాటికి అందే ఉంటుంది, బాత్రూంలో జారిపడి తలకి దెబ్బ తగిలిందని. అది అబద్ధం. మా అన్నయ్య లారీ జాకీ రాడ్డుతో కొట్టాడు, వదిన చచ్చిపోయింది. నేను అక్కడే ఉన్నాను. అడ్డం పెట్టిన నా కుడిచెయ్యి విరిగి కట్టులో ఉంది కాబట్టి నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. "ఇది కూడా రాయాలా అమ్మా?" అని మధ్యమధ్యలో ఆగుతోంది. రాయమంటున్నాను.

పోయిన మనిషి గురించి నాలుగు మంచి మాటలు చెప్పుకోవాలంటారు. మా వదిన గురించి నాలుగేం ఖర్మ, రోజంతా చెప్పగలను. కాకపోతే ఆ మంచి మాటలన్నీ దెబ్బలతో కలిసిపోయి ఉన్నాయి. వాటిని ఏరి, కడిగి మీ ముందు పెట్టడం నాకు చేతకాదు. కలిపే చెబుతాను.

వదినది నాతవరం అవతల చిన్న పల్లె. మా ఇంటికి కోడలిగా వచ్చేనాటికే వంటలో చెయ్యి తిరిగిన మనిషి. మా వీధిలో పెళ్ళి భోజనమైనా, చావు భోజనమైనా గాడిపొయ్యి ముందు వదిన ఉండాల్సిందే. నిలువెత్తు మనిషి, గట్టి గొంతు, నవ్వితే పక్కింటికి వినిపించేది. నా భర్త పోయి నేను పిల్లతో పుట్టింటికి వచ్చినప్పుడు మిగతావాళ్ళంతా నా చుట్టూ కూర్చుని ఏడ్చారు. వదిన మాత్రం పక్క వాటా కడిగించి, అందులో కుట్టుమిషను పెట్టించింది. "ఏడుపుకేటి, తర్వాత ఏడుద్దువు. ముందు ఈ జాకెట్టు కుట్టమ్మీ, పెళ్ళి రేపే," అంది. ఆ జాకెట్టుతో మొదలైన టైలరింగే మమ్మల్ని ఇప్పటిదాకా పోషించింది.

మా అన్నయ్య చెరకు లారీలు తోలేవాడు. తర్వాత అది మానేసి ఇంట్లో కూర్చున్నాడు. తాగి కొట్టేవాడా అని అందరూ అడుగుతారు, తాగాడంటే సగం తప్పు సీసా మీదికి నెట్టేయొచ్చని. మా అన్నయ్య తాగడు. పూర్తి తెలివిలో, తలుపు గడియ వేసి, చేతి వాచీ తీసి జాగ్రత్తగా బల్ల మీద పెట్టి కొట్టేవాడు. నేను తలుపు బాదేదాన్ని, కిటికీలోంచి చెంబుతో నీళ్ళు విసిరేదాన్ని, వీధిలోకి పోయి కేకలు పెట్టేదాన్ని. పెద్దమనుషులు వచ్చి, కూర్చుని, టీ తాగి, మొగుడూ పెళ్ళాల మధ్య మనమేం మాట్లాడతామని లేచి వెళ్ళిపోయేవాళ్ళు. వాళ్ళ గ్లాసులు కూడా వదినే కడిగేది.

మా ఊళ్ళో ఒకాయన ఏటా దసరా దాటాక నేపాల్‌కి యాత్రా బస్సు వేస్తాడు. రిటైరైన మాస్టర్లు, నాట్లు అయిపోయి కాస్త తీరిక దొరికిన రైతు దంపతులు ఎక్కుతారు. మన జనం సంగతి మీకు తెలుసుగా, దేశం దాటి వెళ్ళినా పూటకి సాంబారు, పెరుగన్నం పడాల్సిందే. అందుకని బస్సు డిక్కీలో బియ్యం బస్తాలు, గ్యాసు పొయ్యి, గుండిగలు, ఆవకాయ జాడీ ఎక్కుతాయి, వాటితోపాటు ఒక వంటావిడ కూడా ఎక్కుతుంది. ఆ టూర్ ఆయన ఏదో పెళ్ళిలో వదిన వంట తిని, ఆవిడని అడిగాడు. జీతం ముందే చేతిలో పెట్టి అన్నయ్యని ఒప్పించాడు. అప్పటినుంచి వదిన ప్రతి ఏడూ నేపాల్ వెళ్ళింది.

ఆ చిన్న దేశంలో చూడాల్సినవి ఒకటా రెండా. పశుపతినాథ్ గుడి, నీళ్ళలో పాముల మీద పడుకున్న నారాయణుడు, కోతులు తిరిగే స్తూపం, తీగ మీద వేలాడే డబ్బాలో కూర్చుని వెళ్ళే మనకామన అమ్మవారు, పొఖరాలో పడవలు తిరిగే చెరువు, గుహలో శివుడు, సూర్యోదయానికి బంగారంలా మెరుస్తాయనే మంచుకొండలు. వదిన ఆరేడేళ్ళు వెళ్ళినా వీటిల్లో ఒక్కటీ చూడలేదు. జనం చూడ్డానికి వెళ్ళినప్పుడే కదా వంటావిడ వండాలి. వాళ్ళు తిరిగొచ్చేసరికి విస్తళ్ళలో వేడివేడిగా అన్నం ఉండాలి. పశుపతినాథ్ అంటే వదినకి బస్సు ఆగిన చోట ఒక ఇటుకల గోడ. పొఖరా అంటే లాడ్జి వెనక పెరడు, అక్కడి కుళాయి.

అయితే బంతిలో కూర్చున్నవాళ్ళు తింటూ తింటూ చూసొచ్చింది చెప్పేవాళ్ళు. వదిన వడ్డిస్తూ అడిగేది. గుడి ఎంత ఎత్తు, తలుపులు ఏ రంగు, నీళ్ళు చల్లగా ఉన్నాయా, దేవుడి మొహం ఎటు తిరిగి ఉంది. ఒకసారి ఒకావిడ మనకామనలో మేకల్ని బలివ్వడం చూసొచ్చి, కళ్ళలో ఆ రక్తమే కదులుతోందని, అన్నం కలపకుండా కూర్చుందట. "మేకని ఒక్కసారే కదమ్మా కొడతారు. తినండి, సల్లారిపోద్ది," అందట వదిన. ఆ సంగతి తనే నాకు చెప్పి గట్టిగా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

యాత్ర నుంచి ఇంటికొచ్చిన రోజు అన్నయ్య గుమ్మంలోనే అడిగేవాడు, "ఏటి సూసావే?" అని. వదిన సంచీ దించి, కాళ్ళు కడుక్కుని, చెప్పడం మొదలుపెట్టేది. "పశుపతినాథుడికి నాలుగు మొకాలు. నాలుగు దిక్కులా నాలుగు తలుపులు. ఎనక నది ఒడ్డునే శవాలు కాలుస్తన్నారు. ఇటు గంటలు మోగుతుంటే అటు మంటలు." వింటుంటే నాకు ఒళ్ళు జలదరించేది, అంత బాగా చెప్పేది. సగంలో ఉండగా అన్నయ్య వాచీ తీసేవాడు. "ఎవడు సూపించాడే? ఎవడి పక్కన నిలబడి సూసావు?" మొదటి దెబ్బ అక్కడ పడేది. వదిన ఆగేది కాదు. "మెట్లు దిగితే నది," అని మళ్ళీ అందుకునేది. పెదవి చిట్లి రక్తం గడ్డం మీదికి కారుతున్నా గుడి చుట్టూ ప్రదక్షిణ పూర్తి చేసేది. ఒక ఏడాది ఆ గుహలో శివుడి గురించి చెబుతుంటే పక్కటెముక విరిగింది. ఇంకో ఏడాది చెరువు మధ్యలో గుడి దగ్గర ముందు పన్ను ఊడింది. అన్నయ్య ఎందుకు కొట్టేవాడో నాకు ఇప్పటికీ తెలుసని చెప్పలేను. తను చూడనిది పెళ్ళాం చూసిందన్న ఒక్క ఊహే ఆయనకి ఓర్వరానిదై ఉంటుంది.

పక్కటెముక విరిగినప్పుడు కాపడం పెడుతూ నేను తిట్టాను. "నువ్వు ఏటీ సూడ్లేదని నిజం సెప్పేయొచ్చు కదా వదినా. పొయ్యి కాడే ఉన్నానని సెప్తే కొట్టడు కదా."

వదిన నా వంక చూసింది. "కొట్టడు. నాకు తెలీదేటి? కానీ సూడ్లేదని నా నోటితో నానే సెప్పేస్తే, మరి అంత దూరం ఎల్లింది ఎందుకమ్మీ? పొయ్యి ఇక్కడ లేదేటి?"

అలాగని వదిన దెబ్బలు తింటూ కూర్చునే రకం అనుకోకండి. ఒకసారి అన్నయ్య పెరట్లో జుట్టు పట్టి ఈడుస్తుంటే, చేతికందిన సాంబారు గరిటె తిప్పి కొట్టింది. ఆయన నుదురు చీలి కుట్లు పడ్డాయి. అన్నేళ్ళూ పెద్దమనుషులు తప్ప ఎవరూ రాలేదు, ఆ రోజు మాత్రం వీధి జనమంతా వచ్చారు. మా పెద్దమ్మ గుండెలు బాదుకుని, "మొగుడి మీద సెయ్యెత్తుతావేటే?" అంది. "సెయ్యి కాదండీ, గరిటెత్తాను," అంది వదిన. నేను లోపలికి పరుగెత్తి తలగడలో మొహం పెట్టుకుని నవ్వాను. ఆ తర్వాతి నుంచి అన్నయ్య ఉత్త చేతులతో కొట్టడం మానేశాడు. బెల్టు, కుర్చీ కోడు, ఏది దగ్గరుంటే అది.

మొన్న దసరా తర్వాత నేనూ ఆ బస్సెక్కాను. నా కుట్టు డబ్బులతో టిక్కెట్టు కొనుక్కుని, పాసింజరుగా వెళ్ళాను. పొఖరాలో ఒకరోజు తెల్లవారకముందే జీపులు వచ్చాయి, సూర్యోదయం చూపించే కొండ మీదికి తీసుకెళ్ళడానికి. వదిన పెరట్లో ఉల్లిపాయలు తరుగుతోంది. నేను వెళ్ళి కత్తిపీట లాక్కున్నాను.

"నువ్వు ఎల్లు. నా సీట్లో కూర్చో. ఉప్మా నాను సేస్తాను."

"అంతమందికి నీ వల్ల కాదమ్మీ."

"కాపోతే మాడుద్ది. బేగి ఎల్లు."

టూర్ ఆయన వచ్చి, వంటావిడ వెళ్ళిపోతే టిఫిన్ ఎలాగండీ అని గొణిగాడు. ఆరేడేళ్ళుగా ఈ మనిషిని గోడలకి కాపలా పెట్టారు, ఒక్క పూట ఉప్పు తక్కువైతే చచ్చిపోరు, అని నేను నోటికొచ్చినట్టు మాట్లాడాను. జీపులో ఉన్న ఒక రిటైరైన మాస్టారు చెయ్యి చాచి వదినని ఎక్కించుకున్నారు. పసుపు, ఉల్లి వాసన చేతులతోనే ఎక్కింది. చీర కూడా మార్చుకోలేదు.

ఎండ వచ్చాక జీపులు దిగాయి. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, ఫోన్లు చూపించుకుంటున్నారు. కొండ చేప తోకలా ఉందని ఒకరు, మంచుకి నిప్పంటుకున్నట్టు ఉందని ఒకరు. వదిన అందరికంటే వెనక దిగింది. ఎలా ఉందని అడిగాను. "సెప్పను," అంది. నన్ను ఆటపట్టిస్తోందనుకున్నాను. కాదు. దారిలో, సరిహద్దు దగ్గర, కాశీలో, అడిగిన ప్రతిసారీ అదే మాట. చూడనివన్నీ కళ్ళకి కట్టినట్టు చెప్పిన మనిషి, చూసిన ఒక్కదాని గురించి నోరు విప్పలేదు. కానీ బస్సులో కిటికీ పక్కన కూర్చుని పాట పాడుకుంది. నేను ఆవిడ పాడగా వినడం అదే మొదటిసారి.

ఇంటికొచ్చాం. అన్నయ్య గుమ్మంలో నిలబడి అదే ప్రశ్న అడిగాడు. వదిన సంచీ దించి, "ఈసారి ఏటీ సెప్పను," అంది.

"సెప్పవా?"

"సెప్పను. అది నాది."

ఆ మాట ఎంత నెమ్మదిగా అందో నేను కోర్టులో కూడా చెబుతాను. అన్నయ్య వాచీ తియ్యలేదు. మెట్ల కింద లారీ సామాన్లు ఉంటాయి, అందులోంచి రాడ్డు లాగాడు. మొదటిది నా చేతి మీద పడింది, ఎముక విరిగిన చప్పుడు నాకే వినిపించింది. రెండోది వదిన తల మీద పడింది. వదిన పడిపోయాక కూడా "సెప్పు, సెప్పు," అంటూ కొట్టాడు. నేను ఆయన కాలు పట్టుకుని కరిచాను. గోడ మీద నెత్తురు చింది కిటికీ దాకా వెళ్ళింది. ఏరియా ఆస్పత్రిలో కట్టు కట్టి వైజాగ్ పంపించారు. అంబులెన్సు తాళ్ళపాలెం చేరకముందే వదిన చెయ్యి నా ఎడమచేతిలో బరువెక్కిపోయింది.

మా పెద్దమ్మ, మిగతా చుట్టాలు నన్ను గదిలో కూర్చోబెట్టారు. బాత్రూంలో జారిపడిందని అందరం ఒకే మాట అనుకుందామన్నారు. "పోయినదాన్ని తేలేం. ఉన్నోడిని సంపుకుంటామేటి? నీకు ఒక్కగానొక్క అన్నయ్యే," అంది పెద్దమ్మ. నేను అక్కడినుంచి లేచి, చేతికి కట్టుతోనే ఆటో ఎక్కి స్టేషన్‌కి వెళ్ళాను. ఎస్సైగారు గొడవ దేనికి వచ్చిందమ్మా అని అడిగారు. కొండ ఎలాగుందో సెప్పనందుకు బాబూ, అన్నాను. సరిగ్గా చెప్పమన్నారు. మళ్ళీ అదే చెప్పాను. అలాగే రాశారు. అన్నయ్య ఇప్పుడు జైల్లో ఉన్నాడు. నన్ను పలకరించడం మానేసిన చుట్టాలకి నా నమస్కారాలు.

వదినకి పిల్లలు లేరు. తమ్ముడు నాతవరం నుంచి వచ్చి కర్మ చేశాడు. దినం నాటికి ఫోటో కావాల్సి వచ్చింది. ఉన్నది ఒక్క పెళ్ళి ఫోటో, అందులో పక్కన అన్నయ్య. అది పెట్టనన్నాను. అప్పుడే, వదినని జీపు ఎక్కించుకున్న ఆ మాస్టారు తన ఫోన్లో ఉన్న ఫోటో ఒకటి పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి తెచ్చారు. ఆ కొండ మీద తీసింది. అందులో యాత్రికులంతా కొండలకి వీపు పెట్టి, కెమెరా వైపు నవ్వుతున్నారు. ఒక్క వదిన మాత్రం చివర్లో అటు తిరిగి నిలబడింది. ముడి, వీపు, నడుముకి దోపిన కొంగు, వెనక కట్టుకున్న చేతులు కనిపిస్తాయి. ఎదురుగా ఏముందో తెలీదు, వెలుగు ఎక్కువై అక్కడంతా తెల్లగా ఉంది. దానికే దండ వేశాను.

భోజనాల ముందు పెద్దమ్మ కుంకంబరిణె పట్టుకుని వచ్చింది. "ఎలా పోతేనేటి, పసుపుకుంకాలతో పోయింది. పుణ్యస్త్రీ. బొట్టెట్టాలి," అని ఉంగరం వేలు కుంకంలో ముంచి ఫోటో దగ్గరికి వెళ్ళింది. వేలు అద్దం మీద అటూ ఇటూ వెతికింది. "ఓలమ్మీ, దీనికి మొకమేదే?" అంది.

"అటుంది పెద్దమ్మా. కొండ సూస్తంది," అన్నాను.

పెద్దమ్మ కుంకం వేలు ఎత్తి పట్టుకుని అలాగే నిలబడింది. వదిన ఇటు తిరగలేదు.