పక్క సీటులోంచి ఎంచిన బండి

“ఇద్దరు పట్టే బండికి ముగ్గురి డబ్బెందుకురా?” అని అక్క అడిగింది. డబ్బు చేతిలో పెట్టాకే అడిగింది.

ముగ్గురంటే డ్రైవింగ్ స్కూల్లో నేర్పే తమ్ముడు, బట్టలు కుట్టే అతని భార్య, రెండో అంతస్తులో జిరాక్సు కొట్టు నడిపే ఈ అక్క. ఆమెకి మోకాళ్లు అరిగిపోయాయి. అదే భవనంలో కింది గది ఖాళీ అయితే కొట్టు దించాలని, అడ్వాన్సు కోసం కూడబెట్టిన సొమ్ము అది. “గది ఖాళీ అయ్యేలోపు ఇచ్చేస్తానక్కా” అన్నాడు.

వీధిలో అతన్ని బ్రేకు మాస్టారంటారు. నేర్చుకునేవాళ్ల పక్కన కూర్చుని, తన కాళ్ల దగ్గరున్న రెండో బ్రేకు తొక్కుతూనే ఇరవయ్యేళ్లు గడిపాడు. సొంతంగా ఒక స్పోర్ట్స్ కారు నడపాలన్నది అతని కల. కలలు కనమని ఉపదేశించేవాళ్లెవరూ వాయిదాలు కట్టరు.

పాత కార్ల యార్డులో మూడు చూశాడు. ముందు చక్రాలు లాగే తెల్లదాన్ని “ఆఫీసుకెళ్లే మొహం” అని కొట్టిపారేశాడు. నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందే నల్లది మలుపుల్లో పట్టు వదల్లేదు గానీ, చూడబోతే బీరువాలా ఉంది. మూడోది ఎర్రది. వెనక చక్రాలు తోసే బండి, పొడుగు ముక్కు, నేలకి జానెడెత్తు. సేల్స్‌మన్ తాళం ఇవ్వబోతే మాస్టారు అలవాటుగా పక్క సీటులోకి దూరాడు.

“నువ్వు నడుపు బాబూ. బండి గుణం నాకిక్కణ్ణించే తెలుస్తుంది.”

సేల్స్‌మన్‌వి రోజూ ఆ కారు తిప్పే చేతులు. మలుపుల్లో సూదిలో దారంలా దూర్చాడు. ఆ పనితనమంతా కారుదే అనుకుని మాస్టారు అక్కడికక్కడే బయానా ఇచ్చాడు.

ఇంటికి తెస్తుంటే తడి రోడ్డు. మలుపు మధ్యలో అతని కాలు, ఇరవయ్యేళ్ల అలవాటు కొద్దీ, తనంతట తానే బ్రేకు తొక్కేసింది. వెనక భాగం జారి కారు అడ్డం తిరిగి ఆగింది. గీత పడలేదు. ధైర్యం మాత్రం పోయింది.

మర్నాడు అక్కని ఎక్కించి, శిష్యుడిలా నెమ్మదిగా వీధి చుట్టూ తిప్పాడు. దిగబోతే ఆమె లేవలేకపోయింది.

“నూతిలో పడ్డ చేదలా ఉన్నానురా, తోడు!”

ఆమే, గుమ్మంలో నిలబడ్డ అతని భార్యా పడీపడీ నవ్వారు. చంకల కింద చేతులేసి లేపుతుంటే ఆమె మోకాలు కటుక్కుమనడం అతనికి వినబడింది. ఏ మోకాళ్ల సొమ్ముతో కారు కొన్నాడో ఆ మోకాళ్లే.

అనుకున్నదానికంటే ముందే కింది గది ఖాళీ అయింది. ఫోన్లు బాగుచేసేవాడొకడు తీసుకున్నాడు. మాస్టారు కారు యార్డుకే తిరిగి అమ్మాడు. “ఎరుపు ఎవరూ అడగట్లేదండీ” అంటూ అదే సేల్స్‌మన్ మూడోవంతు కోశాడు. మిగిలింది తెచ్చి అక్క ముందు పెట్టాడు.

“తిట్టవే అక్కా.”

“తిట్టి ఓపిక ఎందుకు తగలేసుకోవడం? మెట్లెక్కాలి.”

ఇప్పుడతను రోజూ పొద్దున్నే కాగితాల కట్టలు పైకి మోసి పెడతాడు. కాసేపటికి ఆమె రెయిలింగ్ పట్టుకుని వెనకాలే ఎక్కుతుంది.

అక్కకి ఇంకా లక్షా నలభై వేలు ఇవ్వాలి.